దెబ్బ తిన్న తల, తీర్పు ఎవరిది? – ఒక సంవాదం

తలకు నేరుగా తగిలిన దెబ్బ వల్ల గాని, మెడకో ఒంటికో తగిలిన కుదుపు తలదాకా పాకడం వల్ల గాని మెదడు పనితీరు కొంతకాలం అస్తవ్యస్తమయ్యే స్థితిని వైద్యులు కన్‌కషన్ అంటారు. క్రికెట్‌లో 2019 ఆగస్టు నుంచి కన్‌కషన్ సబ్‌స్టిట్యూట్ నిబంధన అమలులోకి రావడంతో ఈ మాట తెలుగు పాఠకులకు పరిచితమే అయింది గాని, ఆ గాయం స్వభావం మాత్రం ఇంకా అంతగా తెలియలేదు. స్పృహ తప్పితేనే కన్‌కషన్ అన్న అభిప్రాయం సరికాదు. చాలా సందర్భాల్లో స్పృహ తప్పదు. తలనొప్పి, తల తిరగడం, వికారం, వెలుతురును శబ్దాన్ని భరించలేకపోవడం, అడిగినదానికి ఆలస్యంగా బదులివ్వడం, నిద్ర చెడటం, కారణం లేని చిరాకు వంటి లక్షణాల్లో కొన్ని వెంటనే కనిపిస్తాయి, కొన్ని మరుసటి రోజుకు గాని బయటపడవు. పెద్దవారిలో ఎక్కువమందికి రెండు వారాల్లో, పిల్లల్లోనూ టీనేజీ వారిలోనూ ఎక్కువమందికి నాలుగు వారాల్లో ఇవి సర్దుకుంటాయి. సర్దుకోనివారు, సర్దుకున్నాక మళ్లీ మళ్లీ దెబ్బ తినేవారు ఆట కొనసాగించవచ్చునా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆ ప్రశ్నకు సంబంధించిన రెండు పక్షాలను ఈ రచనలో ఇద్దరి నోట పలికించడం జరిగింది. ఒకరు కోస్తా జిల్లాలో పిల్లలకు క్రికెట్ నేర్పే శిక్షకుడు. పిల్లల ఇళ్ల పరిస్థితులు ఎరిగినవాడు, ఆట మాన్పించడమంటే ఏమిటో దగ్గరగా చూసినవాడు. మరొకరు నరాల వ్యాధుల నిపుణురాలు. ఇద్దరి వాదాల్లో దేనినీ తీసిపారేయడానికి లేదు; అయినంత మాత్రాన రెండింటి బరువూ ఒకటేనని తేల్చడం ఈ రచన ఉద్దేశం కాదు.

ఇద్దరూ ఆధారంగా తీసుకున్నది ఆస్ట్రేలియా బ్యాటర్ విల్ పుకోవ్‌స్కీ జీవితం. 1998లో పుట్టిన అతడు పాఠశాల రోజుల్లోనే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడుతూ తలకు తీవ్రమైన దెబ్బ తిన్నాడు. 2020లో విక్టోరియా జట్టు తరఫున షెఫీల్డ్ షీల్డ్‌లో వరుసగా రెండు డబుల్ సెంచరీలు చేసి జాతీయ జట్టు తలుపు తట్టాడు. ఆ డిసెంబరులోనే భారత జట్టుతో జరిగిన సన్నాహక మ్యాచ్‌లో కార్తీక్ త్యాగి బౌన్సర్ హెల్మెట్‌కు తగలడంతో సిరీస్‌లో మొదటి రెండు టెస్టులకు దూరమయ్యాడు. 2021 జనవరిలో సిడ్నీలో ఆడిన తొలి టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో 62 పరుగులు చేశాడు. అదే అతడి చివరి టెస్టు కూడా. 2024 మార్చిలో హోబర్ట్‌లో రైలీ మెరెడిత్ వేసిన బంతి మరోసారి హెల్మెట్‌ను తాకింది. వైద్య నిపుణుల బృందం ఆట మానుకోవాలని సిఫారసు చేసింది. 2025 ఏప్రిల్‌లో, 27 ఏళ్ల వయసులో అతడు విరమణ ప్రకటించాడు. అప్పటికి అతడికి పదికి పైగా కన్‌కషన్‌లు అయ్యాయి.

శిక్షకుడు: డాక్టరు గారూ, పుకోవ్‌స్కీని పాఠశాలలో తగిలిన మొదటి దెబ్బకే ఆపి ఉంటే ఆ డబుల్ సెంచరీలు గాని, ఆ 62 పరుగులు గాని ఉండేవి కావు. అతడు తొలి టెస్టు ఆడిన ఆ సిడ్నీ మ్యాచ్‌లోనే చివరి రోజున కాకినాడలో పుట్టిన మన హనుమ విహారి తొడ కండరం చిరిగినా క్రీజు వదలకుండా 161 బంతులు కాచుకుని మ్యాచ్‌ను డ్రాగా నిలబెట్టాడు. రెండేళ్ల తరువాత ఇండోర్‌లో రంజీ క్వార్టర్ ఫైనల్లో ఎడమ మణికట్టు విరిగితే ఎడమచేతివాటంగా నిలబడి మరీ ఆడాడు. ఇంకా వెనక్కు వెళితే 1962లో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతికి పుర్రె చిట్లి ప్రాణాపాయంలో పడిన భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ కోలుకుని మళ్లీ ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడాడు. దెబ్బకు వెనుదీయకపోవడాన్ని పిల్లలకు ఇలాంటివారిని చూపించే నేర్పుతారు. ఇప్పుడు తలకు ఒకటి రెండు దెబ్బలు తగిలాయని కిట్టు సర్దేయమంటే ఇన్నాళ్లూ నేర్పినదంతా అబద్ధమని చెప్పినట్లే అవుతుంది.

వైద్యురాలు: మాస్టారూ, విహారి ధైర్యాన్ని తక్కువ చేయవలసిన అవసరం లేదు. అయితే అతడి తొడ చిరిగినప్పుడు, మణికట్టు విరిగినప్పుడు ఆ నొప్పిని తూచి, ఎంతవరకు ఓర్చుకోవచ్చునో లెక్కగట్టి, ఆడతానని చెప్పింది దెబ్బ తగలని మెదడు. కన్‌కషన్‌లో నిర్ణయం తీసుకోవలసిన అవయవానికే గాయమవుతుంది. కాలు విరిగినవాడు నడవబోతే కాలే చెబుతుంది నడవలేనని. మెదడుకు దెబ్బ తగిలినవాడికి తన మెదడు సరిగా పనిచేయడం లేదన్న సంగతి పట్టుకోవలసింది ఆ మెదడే. అందువల్ల ‘బాగానే ఉన్నాను, ఆడతాను’ అని ఆ క్షణంలో కుర్రవాడు చెప్పే మాటను ధైర్యంగా కాదు, గాయం లక్షణాల్లో ఒకటిగా అనుమానించవలసి వస్తుంది. కాంట్రాక్టర్ ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌కు తిరిగి వచ్చిన మాట నిజమే, కాని మళ్లీ ఒక్క టెస్టు కూడా ఆడలేదు.

శిక్షకుడు: కాంట్రాక్టర్‌కు పుర్రె చిట్లింది, అది కంటికి కనిపించే గాయం. ఈ కుర్రవాళ్ల విషయంలో ఆసుపత్రికి తీసుకువెళ్లి, అప్పు చేసైనా సీటీ స్కాన్ తీయిస్తే కాగితం మీద ‘నార్మల్’ అని రాసి ఇస్తారు. స్కాన్‌లో ఏమీ లేదని మీ వైద్యులే రాసి ఇచ్చాక, ఆట ఆపవలసిందేనని చెబితే తల్లిదండ్రులు ఎవరి మాట నమ్మాలి?

వైద్యురాలు: ఆ కాగితమే చాలామందిని దారి తప్పిస్తోంది. సీటీ స్కాన్ రక్తస్రావం ఉందా, ఎముక చిట్లిందా అన్నంతవరకే చెబుతుంది. అది ప్రాణానికి సంబంధించిన ప్రశ్న గనుక అవసరమైనప్పుడు తీయించవలసిందే. కన్‌కషన్ మాత్రం చాలావరకు కణాల పనితీరుకు తగిలే దెబ్బ. మెదడు పుర్రె లోపల ద్రవంలో తేలుతూ ఉంటుంది. తోడుకున్న పెరుగు కుండను ఒక్కసారి గిరుక్కున తిప్పి ఆపితే కుండకు ఏమీ కాకపోయినా లోపలి పెరుగు చెదిరినట్లు, తల హఠాత్తుగా మెలి తిరిగినప్పుడు మెదడులోని నాడీ తంతువులు సాగి దెబ్బతింటాయి. అప్పుడు కణాల్లో ఉండవలసిన పొటాషియం బయటకు, బయట ఉండవలసిన కాల్షియం లోపలికి చేరతాయి. ఆ సమతౌల్యాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మెదడుకు మామూలుకంటే ఎక్కువ శక్తి కావలసిన సమయంలోనే దానికి రక్త ప్రసరణ తగ్గుతుంది. ఈ కొరత తీరే రోజుల్లో తగిలే రెండో దెబ్బ, చిన్నదైనా సరే, మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేయగలదు. ఇదేదీ సీటీ స్కాన్‌లో కనిపించదు. హెల్మెట్ కూడా పుర్రె పగలకుండా చాలావరకు కాపాడుతుంది గాని లోపలి మెలికను ఆపలేదు.

శిక్షకుడు: స్కాన్‌లో కనిపించకపోతే పరీక్షల్లో కనిపించాలి కదా. అంతర్జాతీయంగా అంగీకరించిన పరీక్షలు ఉన్నాయి. వాటిలో నెగ్గినవాణ్ని ఆడనివ్వడంలో తప్పేముంది?

ఈ పరీక్షల గురించి కొంత వివరం ఇవ్వడం అవసరం, ఎందుకంటే వాటి పేరు వినడమే తప్ప అవి ఎలా సాగుతాయో మన మైదానాల్లో చూసినవారు తక్కువ. గాయపడిన ఆటగాణ్ని పక్కకు తీసుకువచ్చి మొదట అయిదు ప్రశ్నలు వేస్తారు: ఇప్పుడు ఏ మైదానంలో ఉన్నాం, ఆటలో ఏ భాగం నడుస్తోంది, చివరి స్కోరు ఎవరు చేశారు, గత వారం ఏ జట్టుతో ఆడారు, ఆ ఆటలో గెలిచారా. ఊరి పేరు, ప్రధానమంత్రి పేరు అడగడంకంటే ఇవి మెరుగని ఆస్ట్రేలియా పరిశోధకులు 1995లోనే చూపారు. పాత సంగతులు చెప్పగలిగినవాడు కూడా ఇప్పుడే జరిగినదాన్ని చెప్పలేక తడబడతాడు. తరువాత స్కాట్ అనే పరీక్షలో (దాని ఆరవ రూపం 2023లో వెలువడింది) కొన్ని పదాలు చదివి వినిపించి అప్పజెప్పమంటారు, అంకెలను వెనుకనుంచి ముందుకు చెప్పమంటారు, నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కు చెప్పమంటారు, కళ్లు మూసుకుని నిలబడమంటారు, మూడు మీటర్ల గీత మీద మడమకు బొటనవేలు ఆనించి నడవమంటారు. ఇదంతా పూర్తి కావడానికి పది పదిహేను నిమిషాలైనా పడుతుంది.

వైద్యురాలు: ఆ పరీక్ష మంచిదే, గాయమైన మొదటి మూడు రోజుల్లో దాని విలువ ఎక్కువ. కాని అది నిర్ధారణకు తోడ్పడే సాధనమే తప్ప ఆడవచ్చునని ఇచ్చే అనుమతిపత్రం కాదు. పైగా ఫలితాన్ని పోల్చిచూడటానికి సీజన్ మొదట్లో తీసిన మార్కులు ఉంటే, రేపు తేడా తెలియకుండా ఉండేందుకు అప్పుడే కావాలని తక్కువ మార్కులు తెచ్చుకునే ఆటగాళ్లున్నారు. లక్షణాల పట్టికలో తలనొప్పి ఉందా అన్న గడి ఎదుట సున్నా వేసుకోవడం ఎవరికి చేతకాదు? 2013లో కెనడాలో రోవన్ స్ట్రింగర్ అనే పదిహేడేళ్ల రగ్బీ క్రీడాకారిణి వారం రోజుల వ్యవధిలో పలుమార్లు తలకు దెబ్బలు తిని చనిపోయింది. తనకు కన్‌కషన్ అయి ఉండవచ్చునన్న అనుమానాన్ని స్నేహితులకు ఫోన్ సందేశాల్లో చెప్పుకుంది గాని తల్లిదండ్రులకు, శిక్షకులకు చెప్పలేదు. ఆ అమ్మాయి పేరుతో 2018లో ఒంటారియో రాష్ట్రం చట్టం చేసింది.

శిక్షకుడు: అటువంటి మరణాలు అత్యంత అరుదు. అరుదైనదాన్ని చూపి అందరినీ బెదిరించడం న్యాయమా?

వైద్యురాలు: అరుదే. మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండో దెబ్బ తగిలి మెదడు వేగంగా వాచిపోయే ఆ స్థితి స్వభావం గురించి నిపుణుల్లో వాదాలూ ఉన్నాయి. అయితే నమోదైన ఉదాహరణల్లో ఎక్కువమంది కుర్రవాళ్లేనన్నది గమనించాలి. పోనీ మరణాన్ని పక్కన పెడదాం. 2016లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, దెబ్బ తగిలిన వెంటనే ఆట ఆపిన టీనేజీ ఆటగాళ్లు సగటున 22 రోజుల్లో కోలుకుంటే, ఆట కొనసాగించినవారికి 44 రోజులు పట్టింది. వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ల బాలుడు 2006లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మొదటి సగంలో తలకు దెబ్బ తిని, కాసేపు కూర్చుని, రెండో సగంలో మళ్లీ ఆడాడు. ఆట ముగియగానే కుప్పకూలాడు, ప్రాణం దక్కినా జీవితాంతం వైకల్యం మిగిలింది. అతడి పేరుతో 2009లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం కన్‌కషన్ అనుమానం ఉన్న పిల్లవాణ్ని తక్షణం ఆట నుంచి తప్పించాలి, అర్హత గల ఆరోగ్య నిపుణుడి రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి ఆడించకూడదు. తరువాతి కొద్ది ఏళ్లలో అమెరికాలోని మిగిలిన రాష్ట్రాలన్నీ ఇటువంటి చట్టాలు చేసుకున్నాయి.

ఇక్కడ శిక్షకుడు ఒక మెట్టు దిగాడు. దెబ్బ తగిలిన రోజున ఆడించకూడదన్నది, మొదట బడికీ చదువుకూ తిరిగి వెళ్లి, తలనొప్పి లేకుండా పాఠం వినగలిగాకే ఆట వైపు చూడాలన్నది, తేలికపాటి నడక మొదలుకొని పూర్తి మ్యాచ్ వరకు ఒక్కొక్క మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున ఆరు మెట్లుగా తిరిగి రావాలన్నది అతడు ఒప్పుకున్నాడు. పందొమ్మిదేళ్లలోపు వారు లక్షణాలు లేకుండా 14 రోజులు గడపాలని, శరీర తాకిడి ఉండే పోటీకి దిగే ముందు మొత్తం మీద కనీసం 21 రోజులు ఆగాలని 2024లో ఆస్ట్రేలియా క్రీడా సంస్థ సూచించిన గడువును కూడా అతడు కాదనలేదు. ఇంటర్ పరీక్షల ముందు తలకు దెబ్బ తగిలిన పిల్లవాడు నెల రోజుల పాటు అక్షరాల మీద చూపు నిలపలేకపోవడం ఎరిగిన శిక్షకుడికి ఇది ఒప్పుకోవడం కష్టం కాదు. అతడి అభ్యంతరం అంతకు పైదాని మీద: కొన్ని వారాలు ఆగడం వేరు, పూర్తిగా మానడం వేరు.

శిక్షకుడు: శాశ్వతంగా మానమనడానికి శాశ్వత నష్టం జరుగుతుందన్న రుజువు కావాలి. మీరు సీటీఈ అనే జబ్బు పేరు చెబుతారు. పదేపదే తలకు దెబ్బలు తగిలినవారి మెదడులో ఏళ్ల తరువాత టౌ అనే మాంసకృత్తు పేరుకుని మతిమరుపు, ప్రవర్తనలో మార్పు వస్తాయని అంటారు. 2017లో బోస్టన్ పరిశోధకులు పరీక్షించిన 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటగాళ్ల మెదళ్లలో 110కి ఆ జబ్బు ఉందన్న వార్త అందరూ చదివారు. కాని ఆ మెదళ్లను దానం చేసింది అప్పటికే అనుమానం కలిగిన కుటుంబాలు. అదే సంవత్సరం వెలువడిన మరో అధ్యయనంలో, 1957లో విస్కాన్సిన్ రాష్ట్రంలో హైస్కూలు ముగించిన పురుషుల్లో ఫుట్‌బాల్ ఆడినవారికి, ఆడనివారికి అరవై అయిదేళ్లు వచ్చేనాటికి జ్ఞాపకశక్తిలో గాని మానసిక కుంగుబాటులో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. సీటీఈని బతికుండగా నిర్ధారించే మార్గం కూడా ఇంకా లేదు. ఇంత అనిశ్చితిలో ఒక పదిహేడేళ్ల వాడి జీవితాశయాన్ని తుడిచేయమంటారా?

వైద్యురాలు: మీరు చెప్పిన మూడు సంగతులూ సరైనవే. దానంగా వచ్చిన మెదళ్ల నుంచి జనాభా మొత్తానికి లెక్క కట్టకూడదు. పైగా అమెరికన్ ఫుట్‌బాల్‌లో సీటీఈ ముప్పు కన్‌కషన్‌ల సంఖ్య కంటే ఆడిన సంవత్సరాలతోనే ఎక్కువగా ముడిపడి కనిపిస్తోంది. అంటే లక్షణాలు కనిపించని చిన్న చిన్న తాకిడులు వేలకొద్దీ పోగుపడటం అక్కడి సమస్య. నిజామాబాద్ నుంచి వచ్చి 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయిన నిఖత్ జరీన్‌ను చూసి బాక్సింగ్‌లో చేరే ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి, ఎందుకంటే ఆ ఆటలో తలకు దెబ్బ ప్రమాదవశాత్తూ తగిలేది కాదు. క్రికెట్ అలాంటిది కాదు. కాబట్టి పుకోవ్‌స్కీ వంటివారి విషయంలో వాదన నలభై ఏళ్ల తరువాత రాబోయే జబ్బు మీద నిలబడనక్కరలేదు, ఇప్పటి స్థితి మీదనే నిలబడుతుంది. విరమణ ప్రకటించిన నాటికి కూడా తలనొప్పి, అలసట, తల తిరుగుడు వంటి బాధలు తనను వదలలేదని అతడే బహిరంగంగా చెప్పాడు. 2003లో అమెరికన్ కళాశాల ఆటగాళ్లపై వచ్చిన అధ్యయనంలో, అప్పటికే మూడు లేదా అంతకు మించి కన్‌కషన్‌లు అయినవారికి మరొకటి అయ్యే అవకాశం మూడు రెట్లు ఉంది. ఒక దెబ్బ మరో దెబ్బకు దారి వేస్తుంది.

శిక్షకుడు: అయితే ఎన్ని దెబ్బలకు ఆపాలి? మూడా, నాలుగా? ఏదో ఒక అంకె చెబితే అందరూ పాటిస్తారు.

వైద్యురాలు: అంకె లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు కూడా అంకె పెట్టలేదు, పెట్టకపోవడమే సరి. చూడవలసింది వరసను. ఇంతకు ముందు కంటే చిన్న తాకిడికే లక్షణాలు మొదలవుతున్నాయా. ప్రతిసారీ కోలుకోవడానికి ముందటిసారి కంటే ఎక్కువ కాలం పడుతోందా. రెండు దెబ్బల మధ్య మనిషి పూర్తిగా మునుపటిలా అవుతున్నాడా, లేక కొంత మిగిలిపోతోందా. చదువు, నిద్ర, కోపం, స్నేహాల్లో ఇంట్లోవాళ్లకు తేడా కనిపిస్తోందా. ఈ నాలుగింటిలో రెండింటికి జవాబు చెడ్డదైతే అది రెండో కన్‌కషన్ అయినా ఆట మాన్పించాలి. అన్నింటికీ మంచిదైతే, ఏళ్ల తేడాతో మూడుసార్లు తగిలినవాడు కూడా జాగ్రత్తలతో ఆడవచ్చు.

శిక్షకుడు: సరే, వరసనే చూద్దాం. ఆ వరస ఎవరి దగ్గర ఉంటుంది? ఒక దెబ్బ బడి మైదానంలో తగిలి ఉంటుంది, ఇంకొకటి క్లబ్బు నెట్స్‌లో, మరొకటి బండి మీద నుంచి పడినప్పుడు. రాసి పెట్టేవాడు లేడు. మండల స్థాయిలో నరాల వైద్యులు ఉండరు, పదిమంది పిల్లలు ఒకే కిట్టులోని వదులైన హెల్మెట్‌నే పెట్టుకుని ఆడతారు. ఇంకో సంగతి కూడా వినండి. కౌలు రైతు కొడుకు అండర్-19 జట్టులోకి వస్తే క్రీడా కోటాలో సీటు, ఉద్యోగం, ఇంటిల్లిపాదికీ ఒక దారి. అతడికి తలనొప్పి ఉందని చెప్పగానే జట్టులో చోటు పోతుందంటే చచ్చినా చెప్పడు. మీ నియమాలు ఎంత కఠినమైతే పిల్లలు అంత మౌనంగా ఉంటారు, అప్పుడు మీకు తెలిసేది స్పృహ తప్పి పడిపోయినవాడి గురించే.

శిక్షకుడి వాదనలన్నింటిలో బలమైనది ఇదే, దీనికి వైద్యురాలి వద్ద వైద్యపరమైన జవాబు లేదు, ఉండటానికి వీలూ లేదు. దాపరికాన్ని పరీక్షలతో జయించలేరు. చెప్పినవాడు నష్టపోకుండా చూడటం ఒక్కటే దానికి మార్గం, అది ఆసుపత్రి చేతిలో ఉన్న పని కాదు, ఎంపిక సంఘాల చేతిలో ఉన్న పని.

వైద్యురాలు: మీరు అన్నది కాదనడానికి లేదు, మాస్టారూ. అందుకే తీర్పు ఎవరిదన్న ప్రశ్నకు ఒక పద్ధతి ఆలోచించవలసి ఉంది. పద్ధెనిమిదేళ్లలోపు వారి విషయంలో ఆడవచ్చునని చెప్పడానికి ఆటగాడు, తల్లిదండ్రులు, ఆ జట్టుతో సంబంధం లేని వైద్యుడు, ముగ్గురూ ఒక్కమాట మీద ఉండాలి. ఆపాలని చెప్పడానికి ముగ్గురిలో ఏ ఒక్కరైనా చాలు. శిక్షకుడికి ఆ రోజు ఆటగాణ్ని మైదానం నుంచి తప్పించే అధికారం పూర్తిగా ఉండాలి, తిరిగి దింపే అధికారం మాత్రం ఉండకూడదు.

శిక్షకుడు: తిరిగి దింపే అధికారం పోతే శిక్షకులకు బరువు తగ్గుతుందే తప్ప నష్టం లేదు, ఫైనల్ రోజున ఎమ్మెల్యే నుంచి స్పాన్సర్ దాకా అందరూ ఆడించమనే ఒత్తిడి చేస్తారు, అప్పుడు ‘చేతిలో లేదండీ’ అనగలగడం మేలే. కాని ఆటగాడి మాటకు విలువ ఇంతేనా? పద్ధెనిమిది దాటినవాడు అన్నీ తెలిసి ఆడతానంటే?

వైద్యురాలు: పద్ధెనిమిది దాటి, లక్షణాలు పూర్తిగా తగ్గి, తన వరస ఏమిటో తెలిసి తీసుకునే నిర్ణయం అతడిది, దాన్ని గౌరవించవలసిందే. పుకోవ్‌స్కీ చాలా ఏళ్లు అలాగే నిర్ణయించుకుని ఆడాడు. దెబ్బ తగిలిన వారంలో తీసుకునేది మాత్రం అతడి నిర్ణయం కాదు.

సంవాదం ఇంతటితో ముగిసింది. పరస్పరం ఒప్పించుకోవడం పూర్తి కాలేదు. ఆట మానడం వల్ల కలిగే లోటును వైద్యురాలు తక్కువగా అంచనా వేస్తోందని శిక్షకుడి అభిప్రాయం, అందులో కొంత నిజం ఉంది. ఆటే లోకమైన కుర్రవాడికి ఆట పోతే కుంగుబాటు రావడం సహజం గనుక, మాన్పించినవాడిని ఇంటికి పంపి చేతులు దులుపుకోకుండా స్కోరింగు, అంపైరింగు, శిక్షణ వంటి పనుల్లో జట్టుతోనే ఉంచడం ఆ నిర్ణయంలో భాగం కావాలి. పుకోవ్‌స్కీ కూడా విరమణ తరువాత వ్యాఖ్యానం, శిక్షణ వైపు మళ్లాడు. అయినా అసలు ప్రశ్న మీద వైద్యురాలి పక్షమే సరైనది. లక్షణాలు మిగిలి ఉండగా, లేదా చిన్న దెబ్బలకే అవి తిరగబెడుతుండగా ఒక మైనరును ఆడించడానికి ఏ ట్రోఫీ, ఏ కోటా సీటు సమర్థన కాలేవు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పాఠశాల క్రీడలకు లిస్టెడ్ చట్టం వంటిది లేదు. అది వచ్చేదాకా జిల్లా సంఘాలు చేయగలిగినవి రెండున్నాయి, వాటికి పెద్ద ఖర్చు కూడా కాదు: ప్రతి ఆటగాడి పేరిట తలగాయాలు నమోదు చేసే పుస్తకం ఒకటి పెట్టాలి, తలనొప్పి ఉందని తానుగా చెప్పిన ఆటగాడి చోటు కోలుకునేదాకా అతడికే ఉంచుతామని ఎంపికకు ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. తల్లిదండ్రులు తమ వంతుగా, దెబ్బ తగిలిన రోజున పిల్లవాణ్ని ఒంటరిగా వదలకుండా కనిపెట్టుకుని ఉండాలి. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మగత కమ్ముతున్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.